గుర్రమా, పల్లకీయా? గండికోట దారిలో ఒక స్పోర్ట్స్ కారు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మొదలైందీ గొడవ. బెంగుళూరులో నాతో పనిచేసే మిత్రుడొకడు ఈ మధ్యే ఒక సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, అడక్కండి. రెండే సీట్లు, నాలుగొందల పైచిలుకు హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్, క్లచ్ పెడలు లేని గేర్‌బాక్సు. మావాడి పదేళ్ళ కల అది. కొన్న మూడు నెలలకే ఓ రోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ గొంతు తగ్గించి అన్నాడు: "ఎవరికీ చెప్పకు గానీ... బోరు కొడుతోంది రా."

నవ్వొచ్చింది. "సిటీ ట్రాఫిక్‌లో ఏ బండైనా బోరే. మా ఊరికి రా, రోడ్డంటే ఏంటో చూపిస్తా" అన్నాను. అలా పండక్కి కారేసుకుని ప్రొద్దుటూరు బయల్దేరాం. బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు. పులివెందుల దాటాక రోడ్డు ఎంత ఖాళీగా ఉంటుందో ఆ వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు. ముద్దనూరులో టీ తాగి, స్టీరింగ్ నా చేతికిచ్చాడు.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను రాసేది బ్యాంకింగ్ కోడో వెబ్‌సైటు కోడో కాదు. కార్ల బ్రేకుల్లో ఉండే చిన్న కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ రాసే టీములో పనిచేస్తాను. చక్రం జారుతోందని కనిపెట్టి, డ్రైవరుకి తెలిసేలోపే బ్రేకు వదిలి మళ్ళీ పట్టే కోడు. కాబట్టి అలాంటి కారు నడపడమంటే నాకు పండగే.

ఎనభైలో పోతుంటే నలభైలో పోతున్నట్టుంది. వందలో పోతుంటే యాభైలో పోతున్నట్టుంది. స్టీరింగ్ వెన్నలా తిరుగుతుంది, రోడ్డు మీద ఏముందో మాత్రం చేతికి తెలీదు. గేర్లు ఎప్పుడు మారాయో చెవికి తప్ప ఒంటికి తెలియదు. ఇంకొంచెం తొక్కాను. ఏదో ఒకటి తెలియాలి కదా అని ఇంకొంచెం. మీటరు 132 చూపిస్తుండగా ముందు మలుపు దాటి ఒక మేకల మంద రోడ్డెక్కింది.

బ్రేకు తొక్కాను. కారు ఆగిపోయింది. టైరు కీచుమనలేదు, వెనక భాగం ఊగలేదు, సీటు బెల్టు గట్టిగా పట్టుకుందంతే. మేకలకు ఇంకా చాలా దూరంలోనే ఆగింది. మేకల కాపరి మావైపు ఒక చూపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నదేంటంటే, నా గుండె వేగంగా కొట్టుకోలేదు. సెకనుకు 36 మీటర్లకు పైగా పరుగెత్తుతున్న వాహనాన్ని జీవాల ముందు ఆపాను, నా ఒంటికి ఆ సంగతే తెలీలేదు. వంద శాతం పని చేసింది ఆ కారే. నేను తొక్కానంతే.

మర్నాడు గండికోట వెళ్దామనుకున్నాం. కారులో ఇద్దరికే చోటు. మా మామ (అమ్మ తమ్ముడు) "నేనూ వస్తా, ఆ బండేందో చూస్తా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు లారీ నడిపిన మనిషి, కాదనలేం. మామను కార్లో కూర్చోబెట్టుకుని నేను, మా నాన్న పాత యమహా ఆర్ఎక్స్ 100 మీద మా మిత్రుడు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కణ్ణుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు గండికోట. సిమెంటు లారీలు, నాపరాళ్ళ ట్రాక్టర్లు, శనగ చేలు. మామ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. కోట వాకిలి దగ్గర దిగాక అడిగాను:

"ఎట్లుండాది మామా బండి?"

"బాగుండాది రా. పల్లకి మాదిరి ఉండాది."

"పల్లకి ఏంది మామా, ఇది రేసుకారు!"

"అవునబ్బీ. పెండ్లికొడుకు మాదిరి కూర్చోనుండావు. మోసేటోళ్ళు వేరే ఎవురో."

అంతలో మా మిత్రుడు వచ్చాడు. మొహమంతా దుమ్ము, చెవులదాకా నవ్వు. పదకొండు హార్స్‌పవర్ బండి దిగుతూ, నాలుగొందల హార్స్‌పవర్ కారు ఓనరు అన్న మాట: "రేయ్, ఈ బండి అమ్ముతారా?" :)

మామ అన్న ఆ పల్లకి మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే గండికోటకు పాతకాలంలో పెద్దవాళ్ళు వచ్చింది ఆ రెండింటి మీదే: గుర్రం, పల్లకి. స్పోర్ట్స్ కారు చరిత్రంతా ఈ రెంటి మధ్య ప్రయాణమే అనిపించింది. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు గుర్రం. గండికోట పెమ్మసాని నాయకులది. విజయనగరం కింద నాయకులంటే, రాజు ఇచ్చిన సీమను అనుభవిస్తూ, బదులుగా ఇన్ని గుర్రాలు, ఇంతమంది బంట్లు అని సైన్యాన్ని పోషించాల్సినవాళ్ళు. మన దేశంలో మంచి యుద్ధపు గుర్రాలు పుట్టేవి తక్కువ. అరేబియా నుంచి, పర్షియా వైపు నుంచి ఓడల మీద పడమటి తీరానికొచ్చేవి. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉండి చరిత్ర రాసిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్, రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలైతే, సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు కట్టేవాడట! ఇంపోర్టెడ్ బండి మోజు మనకు కొత్తేం కాదన్నమాట.

అంత డబ్బు పోసినా గుర్రం దానంతటది యుద్ధం గెలిపించదు. రౌతు దాన్ని మచ్చిక చేసుకోవాలి. అది బెదిరితే అతని తొడలకు ముందే తెలుస్తుంది, అతను బెదిరితే దానికి కళ్ళెంలో తెలుస్తుంది. గుర్రం మేలుదైతే రౌతుకు పని తగ్గదు, పైగా పెరుగుతుంది.

ఇక పల్లకి. 1652 సెప్టెంబరులో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మద్రాసు నుంచి గండికోట వచ్చాడు. అంతకు కొద్దికాలం ముందే గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా కోటను పెమ్మసాని వాళ్ళ దగ్గర్నుంచి గెలుచుకుని అక్కడే మకాం ఉన్నాడు. తెచ్చిన ముత్యాలు, నగలు మీర్ జుమ్లాకు చూపించాలని టావెర్నియే రాక. (మీర్ జుమ్లా పని చేసే తీరు గురించి కూడా రాశాడాయన: కాళ్ళవేళ్ళ సందుల్లో, చేతివేళ్ళ సందుల్లో కాగితాలు పెట్టుకుని ఒక్కోటీ తీసి జవాబులు చెప్పేవాడట. మా మేనేజరు గుర్తొచ్చాడు.) కోటకెక్కే దారి గురించి టావెర్నియే చెప్పింది ఇది: చాలా కష్టమైన దారి, వెడల్పు ఇరవై ఇరవై అయిదు అడుగులు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే, కుడిపక్క భయంకరమైన లోయ, అడుగున పెద్ద నది. ఆ నది మన పెన్న. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండి వల్లే గండికోట అనే పేరు. నవాబు ఆ దారిని అప్పుడే బాగు చేయించడం మొదలుపెట్టాడని కూడా రాశాడు.

ఈ టావెర్నియే తన పుస్తకంలో మన దేశంలో ప్రయాణించే పద్ధతుల మీద ఒక అధ్యాయమే రాశాడు. ఆ కాలపు ఆటోమొబైల్ మ్యాగజైన్ అనుకోండి. పల్లకి గురించి ఆయన ఇచ్చిన రివ్యూ ఏంటంటే, మన బోయీలు పారిస్‌లో కుర్చీలు మోసేవాళ్ళకంటే వేగంగా పోతారు, పైగా కుదుపు తక్కువ, ఎందుకంటే చిన్నప్పట్నుంచీ అదే పనిలో తయారైనవాళ్ళు. త్వరగా పోవాలంటే పన్నెండు మందిని పెట్టుకుని వంతులు మార్చుకుంటూ మోయించుకోవాలి.

వేగం ఎక్కువ, కుదుపు తక్కువ. ఏ ఖరీదైన కారు బ్రోషరు తీసినా ఇప్పటికీ ఉండేది ఈ రెండు ముక్కలే. దారి ఎంత చెడ్డదో తెలిసేది బోయీల పాదాలకు. లోపలున్నాయనకు తెలీదు, తెలియకూడదు, డబ్బిచ్చేదే అందుకు.

ఇప్పుడు కార్ల దగ్గరికొద్దాం. స్పోర్ట్స్ కారు పుట్టడం గుర్రంగానే పుట్టింది. 1957లో కాలిన్ చాప్‌మన్ తీసిన లోటస్ సెవెన్‌లో తలుపుల్లేవు, పైకప్పు లేదు, సుఖమనే మాటే లేదు. తేలికపాటి బండి, చిన్న ఇంజను, మిగిలిందంతా నడిపేవాడి పని.

బోయీలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. 1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోకుండా చూసే మొదటి బోయీ. 1995లో వాళ్ళిద్దరే ఈఎస్‌పీ తెచ్చారు. కారు అడ్డంగా తిరగబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది. 1997లో మెర్సిడెస్ ఏ క్లాస్ స్వీడన్‌లో ఒక పరీక్షలో బోర్లా పడ్డాక, ఆ కారన్నింటికీ ఈఎస్‌పీ తప్పనిసరి చేశారు. అదే సంవత్సరం ఫెరారీ ఎఫ్355లో స్టీరింగ్ వెనక మీటలు నొక్కి గేరు మార్చే పద్ధతి వచ్చింది, ఎడమకాలికి పని పోయింది. 2011లో వచ్చిన పోర్షె 911 (991 తరం) స్టీరింగ్‌కి ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు. పెట్రోలు ఆదా అయింది, చేతికి వచ్చే కబుర్లు తగ్గాయని పాత అభిమానులు గోల పెట్టారు.

రేసుల్లో ఇది ఇంకా ముందే జరిగింది. 1992లో విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బీ అనే ఫార్ములా వన్ కారుకి యాక్టివ్ సస్పెన్షన్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఉన్నాయి. సీజన్‌లో 16 రేసులుంటే మాన్సెల్ ఒక్కడే 9 గెలిచాడు. పోటీలో పస లేకుండా పోయింది. 1994 సీజన్‌కి ఇలాంటి సాయాలన్నీ నిషేధించారు. ప్రపంచంలో అత్యంత వేగమైన కార్ల పోటీ నడిపేవాళ్ళే, "కారు మరీ ఎక్కువ చేస్తోంది, తగ్గించండి" అన్నారు చూడండి, ఆ మాట నాకు ఈ చర్చలో పెద్ద సాక్ష్యం.

వీటన్నిటికీ పరాకాష్ఠ 2007లో టోక్యో షోలో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ (ఆర్35). 3.8 లీటర్ల వీ6, రెండు టర్బోలు, నాలుగు చక్రాల డ్రైవ్, డ్యుయల్ క్లచ్. డ్యుయల్ క్లచ్ అంటే మీరు మూడో గేర్లో ఉండగానే నాలుగోది రెండో క్లచ్ మీద రెడీగా ఉంటుంది, ఒకటి వదిలితే ఇంకోటి పట్టేస్తుంది. తనకంటే ఎంతో ఖరీదైన కార్లను అవలీలగా దాటేసింది. "వీడియోగేమ్ ఆడినట్టుంది" అన్నారు కొందరు విమర్శకులు. తమాషా ఏంటంటే అందులో డాష్‌బోర్డు మీదుండే డిస్‌ప్లే నిజంగానే గ్రాన్ టురిస్మో గేమ్ చేసిన పాలిఫొనీ డిజిటల్ వాళ్ళు డిజైన్ చేసిందే! జపాన్‌లో అమ్మిన వాటికి గంటకు 180 దగ్గర కళ్ళెం. రేసు ట్రాకులో ఉన్నట్టు జీపీఎస్ గుర్తిస్తేనే అది విప్పుకోవచ్చు. అంటే "నా సత్తా మీ రోడ్లకు ఎక్కువ" అని ఆ కారే ఒప్పుకుంటోంది. ఆ మోడలు 2025 ఆగస్టు దాకా తయారైంది, అభిమానులకేం కొదవ లేదు. బోరు కొట్టేది అందరికీ కాదని ఒప్పుకోవాలి.

కానీ అదే కంపెనీలు వెనక్కి కూడా నడిచాయి, అదే విచిత్రం. 1989లో మజ్దా ఎంఎక్స్-5 వచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, సుమారు 115 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోల లోపు. ఆ కారు సూత్రానికి మజ్దా వాళ్ళు చెప్పే జపనీస్ మాట జిన్‌బా ఇట్టాయ్. అర్థం తెలుసా? రౌతూ గుర్రమూ ఒకటవడం. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. 2012లో టయోటా 86 వచ్చింది, దానికి కావాలనే ప్రియస్ కారుకి వాడిన రకం టైర్లు వేశారు, పట్టు తక్కువగా ఉండాలని. ఖర్చు తగ్గించడానికని కాదు, తక్కువ వేగంలోనే కారు కదలికలు చేతికి తెలియాలని. 2013లో పోర్షె 911 జీటీ3లో మాన్యువల్ గేరు తీసేశారు. 2016లో మాన్యువల్ గేరుతో 911 ఆర్ అని 991 కార్లు మాత్రమే చేస్తే, చేతులు మారేటప్పుడు ధర అసలుకి కొన్ని రెట్లయింది. మరుసటి ఏడాది జీటీ3లోకి మాన్యువల్ గేరు తిరిగొచ్చింది. అంటే జనం ఎక్కువ డబ్బిచ్చి మరీ బోయీల్ని దించేయమన్నారు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం నవ్వుకోవాల్సింది మరోటుంది. 2023లో హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది. ఎలక్ట్రిక్ కాబట్టి మార్చుకోవడానికి గేర్లే లేవు. అయినా ఎనిమిది గేర్లు ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేర్ పెట్టారు! గేరు మారినట్టు మోటారు శక్తి ఒక్క క్షణం తగ్గించి కుదుపిస్తుంది, స్పీకర్లలో ఇంజను చప్పుడు వినిపిస్తుంది. ఎన్నో ఏళ్ళు కష్టపడి కుదుపు తీసేసింది మా ఇంజనీర్లే, ఇప్పుడు కుదుపు కోసం కోడ్ రాస్తున్నదీ మా ఇంజనీర్లే. పల్లకీలో కూర్చున్న దొరకు తోచడం లేదని బోయీలు గుర్రం గెంతినట్టు గెంతుతున్నారన్నమాట. నేను ఎగతాళి చేయడం లేదు, నడిపినవాళ్ళు చాలామంది బాగుందనే అంటున్నారు. అసలు అవసరం ఎక్కడ పుట్టిందో చూడమంటున్నానంతే.

సరే, ఎందుకు బోరు కొడుతుంది? నాకర్థమైనంతవరకు దీనికి చిన్న లెక్క ఉంది. ఇంటర్ ఫిజిక్స్ చాలు. మలుపులో కారు జారకుండా పోగల గరిష్ఠ వేగం, టైరు పట్టు × గురుత్వం × మలుపు వ్యాసార్ధానికి వర్గమూలం. వ్యాసార్ధం 50 మీటర్లున్న మలుపు తీసుకోండి. సన్నటైర్ల పాత కారు పట్టు 0.6 అనుకుంటే, హద్దు గంటకు సుమారు 62 కిలోమీటర్లు. మంచి టైర్ల స్పోర్ట్స్ కారుకి 1.0 అనుకుంటే, సుమారు 80. నడుపుతున్నట్టు అనిపించేది ఆ హద్దు దగ్గరికి వెళ్ళినప్పుడే. స్టీరింగ్ బరువెక్కడం, టైరు సణగడం, ఒళ్ళు ఒరగడం అన్నీ అక్కడే మొదలవుతాయి. పాత కారు అరవైలో ఇచ్చే అనుభవం కొత్త కారు ఎనభైలో గానీ ఇవ్వదు. ఆ ఎనభైలో గుద్దుకుంటే? శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అంతే బరువున్న బండికి దెబ్బ దాదాపు 67 శాతం ఎక్కువ. స్పోర్ట్స్ కారు బరువు కూడా ఎక్కువే, అది వేరే సంగతి.

అంటే కారు సత్తా పెరిగేకొద్దీ నాకు మజా దొరికే చోటు దూరం జరుగుతూ పోతుంది. అక్కడికి చేరాలంటే ఇంకా వేగం కావాలి. ఆ వేగానికి ఖరీదు కట్టేది నేనొక్కణ్ణే కాదు, ముద్దనూరు రోడ్డు మీద మేకలు తోలుకునే మనిషి కూడా. ఆయనకు కార్లో సీటూ లేదు, బెల్టూ లేదు, ఈఎస్‌పీ లేదు.

కోటలో జామియా మసీదు, ధాన్యాగారం చూసి, లోయ అంచున బండల మీద కూర్చుని ఇదంతా మామకు చెప్పుకొచ్చాను. కింద పెన్న పచ్చగా కనిపిస్తోంది. చివరికి నా తీర్పు కూడా చెప్పాను: "పాత బండ్లే నయం మామా. బండి మనతో మాట్లాడేది. ఇప్పుడు మా కోడ్ మధ్యలో దూరి దాని నోరు నొక్కేసింది."

మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గువ్వలచెరువు ఘాటు సంగతి చెప్పాడు. నేను పుట్టకముందుదట. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నాకు చెప్పలేదు.

లోడు లారీ. రాయచోటి వైపు నుంచి కడపకు దిగుతున్నాడు. సగం ఘాటు దిగాక లైనర్లు కాలిన వాసన. పెడలు మెల్లగా లోపలికి పోవడం మొదలైంది. గేరు తగ్గిద్దామంటే పడలేదు. మామ చెప్పింది ఆయన మాటల్లోనే:

"ఆ పొద్దు బండి నాతో శానా బాగా మాట్లాడింది రా అబ్బీ. వాసన చెప్పింది, పెడలు చెప్పింది, స్టీరింగు చెప్పింది. అంతా తెలుస్తానే ఉండాది. తెలిసి ఏం జేస్తాం? కొండవైపుకు తిప్పి గోడకేసి కొట్టినా. క్లీనరు పిల్లోడికి కాలు పాయ. పదారేండ్లు వానికి."

తర్వాత మెల్లగా అడిగాడు: "నువ్వు రాసేది ఆ బ్రేకులకే గదా?"

అవునన్నాను. లారీ బ్రేకులు వేరు, వేడెక్కి పట్టు పోయిన లైనరును నా కోడ్ బాగుచేయలేదు, అదీ చెప్పాను. తల ఊపాడు. "అయినా రాయి" అన్నాడు.

నాకు సమాధానం దొరికిందక్కడే. మనం బండి "మాట్లాడటం" అని మురిసిపోయేదాన్ని, రోజూ అదే పనిగా బతికినవాళ్ళు ఇంకోలా విన్నారు. వాళ్ళకది ప్రమాదం చేసే చప్పుడు. మన దేశంలో కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి, అంటే మొన్నటి మాట. అంతకు ముందు మన పల్లె రోడ్ల మీద పోయినవాళ్ళలో చాలామందికి బండితో గుర్రపు స్వారీ సరదా కోసం కాదు, వేరే గతి లేక.

కాబట్టి అసలు ప్రశ్నకు వస్తే: గొప్ప సత్తా ఉన్న కొత్త స్పోర్ట్స్ కారు బోరు కొట్టగలదా? కొట్టగలదు, నాకే కొట్టింది. కానీ దాన్ని కారు లోపమని ఇప్పుడు అనలేను. టావెర్నియే చెప్పిన ఏడడుగుల దారిలో, పక్కన లోయ పెట్టుకుని, సరుకు భద్రంగా చేరాలనుకున్నవాడికి బోయీలే కావాలి. పదిమంది తిరిగే రోడ్డు మీద నాకూ వాళ్ళే కావాలి. నేను చేసిన తప్పు, పల్లకీలో కూర్చుని గుర్రం ఇచ్చే అనుభవం అడగడం, అది రాకపోతే బోయీల్ని ఇంకా వేగంగా పరుగెత్తమనడం.

గుర్రం కావాలంటే దారులు లేకపోలేదు. పెద్ద సత్తా ఉన్న కారైతే ట్రాకుకు తీసుకెళ్ళొచ్చు, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ ఉంది, మన బెంగుళూరు వాళ్ళకు మరీ దూరమేం కాదు. అక్కడ మేకలు అడ్డం రావు. లేదా హద్దులు తక్కువున్న తేలిక బండి తీసుకుంటే, మామూలు వేగంలోనే కావలసినంత పని ఉంటుంది. 1985 నుంచి 1996 దాకా తయారైన మన ఆర్ఎక్స్ 100, 98 సీసీల బండి, వంద కిలోల పైచిలుకు బరువు. యాభైలో పోతుంటే నూటయాభైలో పోతున్నట్టుంటుంది. మా మిత్రుడి మొహంలో నవ్వుకు కారణం అదే. (హెల్మెట్ పెట్టుకున్నాడు లెండి.)

సాయంత్రం తిరుగు ప్రయాణంలో వాడు కారు తాళం నాకే ఇచ్చేసి మళ్ళీ బైకే ఎక్కాడు. వాడు ముందు, వెనక నేనూ మామా. జమ్మలమడుగు దాకా అరవై దాటలేదు. గేర్లు వాటంతటవే మారుతున్నాయి, స్టీరింగ్ ఏమీ చెప్పడం లేదు. నాకు ఘోరంగా బోరు కొట్టింది. మామ మాత్రం సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. ఒకరు నడుపుతుంటే ఆయన నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి. మావాడు ఆర్ఎక్స్ 100 గురించి రెండుసార్లు ఫోన్ చేశాడు. నాన్న ఇవ్వనన్నాడు.